ఇంటి వెనక 109 మైళ్ల దారి

ఇంగ్లండ్ ఈశాన్యాన, టీస్ నది చుట్టుపక్కల ఊళ్లలో తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఆస్పత్రుల్లో కొందరు, యూనివర్సిటీలో కొందరు, రసాయన ఫ్యాక్టరీల్లో కొందరు. నాలుగు రోజులు సెలవు దొరికితే ఎడిన్‌బరో, లండన్. వీసా చేతికొస్తే పారిస్, స్విట్జర్లండ్. వంటింటి కిటికీలోంచి దక్షిణం వైపు చూస్తే రోజూ కనబడే కొండల మీదికి మాత్రం ఏళ్ల తరబడి వెళ్లనివాళ్లే ఎక్కువ. ఆ కొండల అంచునే పోతుంది క్లీవ్‌లాండ్ వే అనే నడకదారి.

హెల్మ్‌స్లీ అనే ఊళ్లో, సంత జరిగే చోట మొదలవుతుంది. నార్త్ యార్క్ మూర్స్ అనే ఎత్తయిన బీడుభూముల పడమటి అంచు పట్టుకుని ఉత్తరానికి సాగి, ఆస్మదర్లీ దాటాక తూర్పుకి తిరిగి, సాల్ట్‌బర్న్ దగ్గర సముద్రాన్ని కలుస్తుంది. అక్కణ్నుంచి ఒడ్డున ఎత్తుగా నిలబడ్డ గట్ల మీదుగా విట్బీ, స్కార్‌బరో దాటి ఫైలీలో ముగుస్తుంది. మొత్తం 109 మైళ్లు. దాదాపు సగం కొండ, సగం కడలి. 1969లో తెరిచారు. పెనైన్ వే తర్వాత ఇంగ్లండ్‌లో రెండో జాతీయ నడకదారి ఇదే.

ఇక్కడి బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక నేను ఈ దారి పట్టుకున్నాను. ముక్కలుముక్కలుగా, అన్ని కాలాల్లోనూ నడిచాను. ఇప్పుడు శనివారాల్లో నాతో పిల్లలు వస్తున్నారు. ముప్పై నలభై ఏళ్లవాళ్లే అయినా నాకు పిల్లలే. వాళ్లు అడిగేవాటికి నడుస్తూ నేను చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను. ఇది మన ఇంటి వెనక దారి, దీని మీద మనకూ హక్కుంది అన్న మాట మనవాళ్ల మనసుకి పట్టించాలన్నదే నా తాపత్రయం.

1. ఒక్క ఊపున నడవాలని ఎవరూ అనలేదు

వరసగా నడిచేవాళ్లు తొమ్మిది పది రోజుల్లో ముగిస్తారు. పసిపిల్లలున్నవాళ్లకి, రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకి అది కుదరదు, కుదరాల్సిన పనీ లేదు. మిడిల్స్‌బ్రో నుంచి విట్బీ వెళ్లే రైలు గ్రేట్ ఏటన్‌లో, కిల్‌డేల్‌లో ఆగుతుంది. రోజుకి కొద్ది రైళ్లే కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. తీరం పొడవునా బస్సులున్నాయి. కారులో వెళ్తే దాన్ని నడక ముగిసే ఊళ్లో పెట్టేసి, బస్సెక్కి మొదలుపెట్టే ఊరికి పోయి, కారు వైపు నడిచి రండి. సాయంత్రం చివరి బస్సు పోతుందేమోనన్న ఆదుర్దా ఉండదు, ఎంత మెల్లగా అయినా నడవచ్చు.

2. గేటు చూసి వెనక్కి తిరగొద్దు

“పెద్దమ్మా, ఇది ఎవరిదో పొలంలా ఉంది. లోపలికి వెళ్లొచ్చా?” కొత్తగా వచ్చినవాళ్లు మొదటి గేటు దగ్గర ఆగి ఇదే అడుగుతారు. ఒకమ్మాయి అయితే గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి, పక్కనున్న ఇంట్లోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని అటే చూస్తూ నిలబడిపోయింది. డాక్టరు. ఆస్పత్రిలో ఎంతోమంది ప్రాణాలు ఆమె చేతిలో ఉంటాయి. ఆ చెయ్యి గొళ్లెం తియ్యడానికి తటపటాయించింది.

పొలం రైతుదే తల్లీ, గొర్రెలూ రైతువే. దారి మాత్రం అందరిదీ. పబ్లిక్ ఫుట్‌పాత్‌గా నమోదైన దారికి భూమి యజమాని తాళం వెయ్యకూడదు, కంప అడ్డం పెట్టకూడదు. నడిచే హక్కు ఊరికే రాలేదు. పక్షివేట కోసం భూస్వాములు మూసేసుకున్న బీళ్ల మీదికి 1932 ఏప్రిల్‌లో వందల మంది కార్మిక యువకులు కావాలనే నడిచారు. మాంచెస్టర్ పక్కన కిండర్ స్కౌట్ అనే కొండ అది. ఐదుగురిని జైల్లో పెట్టారు. వాళ్లకు ముందు నిలబడిన బెన్నీ రోత్‌మన్‌కి ఇరవై ఏళ్లు, రొమేనియా నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. అతనికి నాలుగు నెలల శిక్ష పడింది. నడిచేవాళ్ల పోరు అలా ఏళ్లపాటు సాగాక 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. క్లీవ్‌లాండ్ వే లాంటి దారులకు ఆ చట్టమే ఆధారం. ఈ హక్కులో వలస వచ్చినవాళ్ల బిడ్డ అనుభవించిన జైలు కూడా ఉంది. అందుకే గేటు దగ్గర బెదిరి నిలబడేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

హక్కుతో పాటు మర్యాద కూడా ఉంటుంది. తెరిచి ఉన్న గేటు తెరిచే, మూసి ఉన్న గేటు మూసే వదలాలి. ఆవుకీ దూడకీ మధ్యలోంచి పోకూడదు. వసంతంలో బీళ్ల మీద కర్లూ పక్షులు, మన తీతువు జాతికే చెందిన లాప్‌వింగ్‌లు నేల మీదే గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో దారి దిగి గడ్డిలోకి పోవద్దు. ఎదురొచ్చినవాళ్లు “మార్నింగ్” అంటారు, మనమూ గట్టిగా అనాలి. దారి గుర్తు ఓక్ చెట్టు కాయ బొమ్మ, ప్రతి మలుపులో స్తంభం మీదో గేటు మీదో ఉంటుంది. చాలాసేపు ఆ కాయ కనబడలేదంటే దారి తప్పినట్టే. చివరిసారి కనబడ్డ చోటికి వెనక్కి రావాలి. అడ్డంపడి పోతే దొరుకుతుందని ముందుకి పోవద్దు.

3. వెనకబడ్డ మనిషిదే వేగం

మన జట్ల తీరు ఒకటే. కుర్రాళ్లు, మగవాళ్లు ముందు పోతారు. గుట్ట మీద కూర్చుని నీళ్లు తాగుతారు, ఫొటోలు తీసుకుంటారు. చివరి మనిషి రొప్పుతూ వచ్చేసరికి “అందరూ వచ్చేశారుగా, పదండి” అని లేస్తారు. అందరికన్నా విశ్రాంతి అవసరమైన మనిషికే అది దొరకదు. మధ్యాహ్నానికి ఆమె మోకాళ్లు పట్టేస్తాయి, మళ్లీ జన్మలో రానంటుంది. ఆమె తప్పు ఏముంది ఇందులో?

మా జట్టులో నెమ్మదైన మనిషి ముందు నడుస్తుంది. మిగతావాళ్లు వెనక. చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే విశ్రాంతి లెక్క మొదలు. ఇది ఒక్కటి పాటించినందుకే, వద్దు వద్దంటూ వచ్చిన కొందరు అత్తగార్లు ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా నడకకి తయారవుతున్నారు.

4. పాదాలకు ఇచ్చిన డబ్బు పోదు

బూట్లు సాయంత్రం పూట, మందపాటి ఉన్ని మేజోళ్లు తొడుక్కుని కొనండి. పగలంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, నడకలో ఉండే సైజు అదే. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగుడులో గోళ్లు నల్లబడతాయి. మడమ దగ్గర వెచ్చగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే ఆ క్షణమే ఆగి టేపు వెయ్యాలి. బొబ్బ లేచాక వేస్తే దండగ. జీన్స్ వద్దు, నూలు బట్టలూ వద్దు. తడిస్తే ఒంటికి అతుక్కుని ఆరవు, గాలికి వణుకు పుడుతుంది. పట్టణంలో ఎండ కాస్తున్నా సంచిలో వానకోటు ఉండాల్సిందే.

5. అన్నం గురించి, ఆడవాళ్ల ఇబ్బంది గురించి

పులిహోర అందరూ తెస్తారు. చలిగాలికి అరగంటలో అన్నం బిరుసెక్కి గొంతు దిగదు. ఎండాకాలానికి సరే. మిగతా నెలల్లో చపాతీలో ఆలూకూర చుట్టుకోండి, పల్లీపట్టి, ఖర్జూరం, ఫ్లాస్కులో అల్లం టీ పెట్టుకోండి. చేతి తొడుగు తియ్యకుండా తినగలిగేది మేలు.

రెండోది ఎవరూ పైకి అనరు కాబట్టి నేనంటాను. బహిర్భూమి భయంతో మన ఆడవాళ్లు పొద్దుట్నుంచి నీళ్లు తాగడం మానేసి నడుస్తారు. తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. తీరం వెంట ఊరూరా మరుగుదొడ్లున్నాయి, ఇబ్బంది తక్కువ. కొండల భాగంలో క్లే బ్యాంక్ నుంచి కిల్‌డేల్ వరకు తొమ్మిది మైళ్ల పైచిలుకు బీడు మీద మాత్రం ఊరు లేదు, కొట్టు లేదు, చాటుకి చెట్టు కూడా లేదు. ఆ రోజుకి పెద్ద చున్నీ ఒకటి, ఇద్దరు ఆడవాళ్ల తోడు ఉంటే చాలు. నీటి కాలువకి దూరంగా, దారికి దూరంగా వెళ్లాలి. కాగితాలు సంచిలో వేసుకుని తిరిగి తెచ్చెయ్యాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒంట్లో నీళ్లు తగ్గడం ప్రమాదం. మంచినీళ్లు తాగండమ్మా.

6. సముద్రం పక్కన నడకంటే చదును అనుకోవద్దు

కొండల భాగం కష్టం, తీరం సులువు అని అందరూ అనుకుంటారు. కొండల దగ్గర నిజంగా కష్టమైంది కార్ల్‌టన్ బ్యాంక్ నుంచి హేస్టీ బ్యాంక్ దాకా వరసగా ఉన్న గుట్టలు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. వెయిన్‌స్టోన్స్ అనే బండల గుంపు దగ్గర చేతులు కూడా వాడాలి. ఆ తర్వాత బ్లోవర్త్ క్రాసింగ్ వరకు దారి చాలావరకు నున్నగా పోతుంది. అక్కడ ఇనుపరాయి మోసే రైళ్ల కోసం 1861లో వేసి 1929లో ఎత్తేసిన రైలుకట్ట మీదే నడుస్తాం. ఊర్రా మూర్ మీద రౌండ్ హిల్ ఈ బీళ్లన్నిటిలో ఎత్తయిన చోటు, 454 మీటర్లు. ఆగస్టులో అక్కణ్నుంచి కనుచూపు మేరా ఊదారంగే, హెదర్ అనే పొద పూస్తుంది.

తీరం సంగతి వేరు. బీళ్ల మీంచి తీరానికి వచ్చే ప్రతి వాగూ, ఇక్కడివాళ్లు బెక్ అంటారు, గట్టుని నిలువునా కోసి సముద్రంలో కలుస్తుంది. దారి ప్రతి బెక్ దగ్గరా మెట్ల మీదుగా నేలకి దిగి, చిన్న వంతెన దాటి, మళ్లీ మెట్లెక్కాలి. బాగిల్ హోల్, హేబర్న్ వైక్ దగ్గర ఆ మెట్లు మోకాళ్ల ఓపికని పరీక్షిస్తాయి. బౌల్బీ దగ్గర గట్టు 203 మీటర్ల ఎత్తు, ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఇంతకన్నా ఎత్తయింది లేదు. దిగేటప్పుడు ఊతకర్ర ముందు పెట్టి, తర్వాత అడుగు వెయ్యండి. ఎత్తు మెట్లకి కాస్త పక్కకి తిరిగి దిగితే మోకాలి చిప్ప మీద భారం తగ్గుతుంది.

7. పొగమంచుకి గడియారం చూడటం నేర్చుకోండి

వసంతంలో, వేసవిలో తూర్పుగాలి వీచిన రోజు, చల్లటి ఉత్తర సముద్రం మీదుగా వచ్చే వెచ్చటి తేమగాలి చల్లబడి మంచుతెరగా ఒడ్డుకి వస్తుంది. దీన్ని ఇక్కడ ఫ్రెట్ అంటారు. రెండు మైళ్లు లోపల ఎండ కాస్తూనే ఉంటుంది, గట్టు మీద మాత్రం పది గజాల ముందు మనిషి కనబడడు. అలాంటప్పుడు ఆగి, వేడి టీ తాగి, గంట చూడండి. తేలిపోతే సరే. లేకపోతే దగ్గరి ఊరి వైపు తిరిగి బస్సెక్కండి. దారి ఎక్కడికీ పోదు.

8. రేవెన్‌స్కార్ దగ్గర కాసేపు కూర్చోండి

రాబిన్ హుడ్స్ బే నుంచి దక్షిణానికి నాలుగు మైళ్ల లోపు రేవెన్‌స్కార్ వస్తుంది. అక్కడ గట్టు కింద గడ్డిలో పాత గోడలు, తొట్ల పునాదులు ఉంటాయి. గబగబా దాటిపోయే చోటు కాదు. అది పటిక తయారుచేసిన కార్ఖానా. 1650 ప్రాంతంలో మొదలై 1862 వరకు నడిచింది.

మన ఇంట్లో పటిక గురించి తెలియనిదేముంది? కాకినాడలో మా అమ్మమ్మ గోదావరికి వరదలొచ్చిన రోజుల్లో బిందెడు బురదనీళ్లలో పటికముక్క తిప్పేది, కాసేపటికి నీళ్లు తేటపడేవి. మంగలి షాపులో గడ్డం తెగిన చోట రాసేది పటికే. దుకాణం గుమ్మానికి దిష్టికి కట్టేదీ పటికే. అది ఈ నల్లటి షేల్ రాతిలోంచి వస్తుందని పిల్లలకు చూపించాలంటే రేవెన్‌స్కార్‌ని మించిన చోటు నాకు దొరకలేదు. కిందపడి ఉన్న రాయి ఒకటి తీసి గోటితో అంచు దగ్గర ఒత్తితే పొరలుపొరలుగా విడిపోతుంది. పొరల మధ్య అక్కడక్కడా ఇత్తడి రంగులో చుక్కలు మెరుస్తాయి. అది ఇనుప గంధకం, పైరైట్. పక్కనే కుప్పల్లో అదే రాయి గులాబీ రంగులో ఉంటుంది, అది కాల్చిన రాయి.

ఈ రాతిని కొండలా పోసి, కింద కట్టెలు పేర్చి, నెలల తరబడి నెమ్మదిగా కాల్చేవాళ్లు. పైరైట్‌లోని గంధకం ఆమ్లమై రాతిలోని అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. కాలిన రాతిని నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని తీసి సీసపు పళ్లాల్లో కాచేవాళ్లు. అది పటిక కావాలంటే పొటాషియమో అమోనియానో కలవాలి. పొటాషియం కోసం సముద్రపు నాచు కాల్చిన బూడిద తెచ్చేవాళ్లు. అమోనియా కోసం నిలవ ఉన్న మూత్రాన్ని లండన్ నుంచి, న్యూకాసిల్ నుంచి పీపాల్లో ఓడల మీద దింపేవాళ్లు. కాగుతున్న నీటి చిక్కదనం చూడ్డానికి కోడిగుడ్డు వేసేవాళ్లని చెబుతారు. గుడ్డు తేలితే పాకం కుదిరినట్టు. ఒక టన్ను పటికకు పదుల టన్నుల రాయి పోయేది. తీరం పొడవునా గట్లు గుండ్రంగా కొరికేసినట్టు కనబడే చోట్లలో చాలావరకు అలా తవ్వి తీసినవే.

ఇదంతా ఉన్నిబట్టకి రంగు పట్టడానికి. పటిక లేకపోతే రంగు ఉతుకుకి పోతుంది. మచిలీపట్నం, పెడన అద్దకాల్లో చిరువేరు ఎరుపు నిలిచేది కూడా పటికనీళ్ల మీదే. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొఠీ తెరిచింది. యార్క్‌షైర్ పటిక పరిశ్రమ మొదలైందీ ఆ రోజుల్లోనే, పదిహేడో శతాబ్ది తొలి ఏళ్లలో. మన అద్దకం చీటీబట్టలు లండన్ రేవులో దిగుతున్న కాలంలోనే అదే లండన్‌కి ఇక్కడి పటిక ఓడలు వెళ్లాయి. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు చేతిలోని రాయిని మళ్లీ తిప్పి చూస్తారు. పరాయి దేశంలో పరాయి కొండ అనుకుని వచ్చినవాళ్లకి నేల కాస్త దగ్గరవుతుంది. నాకు ఈ దారిలో అన్నిటికన్నా ఇష్టమైన గంట అదే.

9. గట్టు కదులుతుంది, దారీ కదులుతుంది

ఉప్పాడ తీరం చూసినవాళ్లకి సముద్రం రోడ్డుని ఎలా మింగుతుందో చెప్పనక్కర్లేదు. ఇక్కడ పని పైనుంచి కూడా జరుగుతుంది. మంచుయుగం వదిలిపోయిన బంకమన్ను పైన, మెత్తటి షేల్ కింద. వానలకి మన్ను బరువెక్కి జారుతుంది, అలలు కింద పాదం తినేస్తాయి. రన్స్‌విక్ బే అవతల కెటిల్‌నెస్ అనే ఊరు 1829 డిసెంబరులో ఒక్క రాత్రిలో జారి సముద్రంలోకి పోయింది. పటిక కోసం వచ్చి ఆగి ఉన్న ఓడ మీదికి ఎక్కి ఊరివాళ్లు ప్రాణాలు దక్కించుకున్నారు.

ఇప్పటికీ ప్రతి శీతాకాలం తర్వాత ఏదో ఒక చోట కంచె లోపలికి జరిగి ఉంటుంది. పాత కంచె తీగ, దానికి వేలాడుతున్న స్తంభం, కింద ఏమీ లేకుండా గాలిలో కనబడతాయి. 2009 నాటి తీర చట్టం ప్రకారం గట్టు వెనక్కి జరిగితే దారి కూడా దానితో పాటు లోపలికి జరిగే ఏర్పాటు ఉంది. మ్యాపు పాతదైతే నేలమీది గుర్తునే నమ్మండి. అంచు మీద నిలబడి ఫొటోలు వద్దు. మీరు నిలబడ్డ గడ్డి కింద మన్ను ఉందో లేదో పైనుంచి తెలియదు. గట్టు కింద ఇసుకలో కూర్చుని భోంచెయ్యొద్దు, రాళ్లు రాలతాయి.

పోటుపాట్ల విషయం మనవాళ్లకి మరీ మరీ చెబుతాను. మన కోస్తాలో పోటుకీ పాటుకీ తేడా మనిషెత్తు కూడా ఉండదు. విట్బీ దగ్గర పౌర్ణమి, అమావాస్యల పోటుకి ఐదు మీటర్ల దాకా ఉంటుంది. రన్స్‌విక్ బేలో దారి కాస్త దూరం ఇసుక మీదే పోయి వాగులోంచి పైకెక్కుతుంది, నిండు పోటులో ఆ ఇసుక ఉండదు. సాండ్స్‌ఎండ్ నుంచి విట్బీకి ఇసుక మీద హాయిగా నడవచ్చు, అది పాటు వేళకే. పోటు వేళ ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్నటి వేళ ఈరోజుకి పనికిరాదు. వేళల పట్టిక ఫోనులోనే దొరుకుతుంది.

10. ఎక్కడ మొదలుపెట్టాలి

చిన్నపిల్లలుంటే సాండ్స్‌ఎండ్ నుంచి విట్బీ. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటే సాల్ట్‌బర్న్. అక్కడ 1884 నుంచి నీటి బరువుతో నడిచే లిఫ్టు గట్టు మీంచి కిందికి దించుతుంది. అది నడవని కాలంలో వెళ్తే మెట్లున్నాయి, కాకపోతే పైన గట్టు మీదే కూర్చోబెట్టండి. కుర్రాళ్లకి కిల్‌డేల్‌లో రైలు దిగి, కెప్టెన్ కుక్ స్తంభం మీదుగా రోజ్‌బెర్రీ టాపింగ్ ఎక్కి, గ్రేట్ ఏటన్‌లో దిగే దారి. ఆ శిఖరం మీంచి మనం పనిచేసే ఊళ్లన్నీ, టీస్ నది సముద్రంలో కలిసే చోటూ ఒక్క చూపులో కనబడతాయి. పొద్దంతా నడవగలనన్న నమ్మకం కావాలంటే విట్బీ నుంచి రాబిన్ హుడ్స్ బే, ఏడు మైళ్లు. 199 మెట్లెక్కి పాత మఠం పక్కనుంచి బయల్దేరాలి.

క్లే బ్యాంక్, బ్లోవర్త్ భాగం మాత్రం ఒంటరిగా వద్దు, శీతాకాలం అసలే వద్దు. మార్చి చివర గడియారాలు ముందుకి జరిపాక పగలు సాగుతుంది, అప్పుడు పెట్టుకోండి. మా జట్టు వచ్చే వసంతంలో హెల్మ్‌స్లీ నుంచి సట్టన్ బ్యాంక్ దాకా నడవబోతోంది, పది మైళ్ల పైన. దారిలో 1132లో కట్టడం మొదలైన రీవో మఠానికి ఒక మలుపు తిరిగితే చాలు. ఎవరు వచ్చినా కలుపుకుంటాం. బూట్లు మాత్రం ఇప్పుడే కొని, బజారుకి, బడికి, ఇంట్లో మెట్లకి వాటితోనే తిరగడం మొదలుపెట్టండి.